నా కడుపు సంగతి బావ చెప్పాడు

మాదాపూర్‌లో గుట్టలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజుల్లో నా పేగు పొట్ట బయట ఉండేది. టైఫాయిడ్‌లో పేగుకు చిల్లు పడితే పెద్ద దవాఖానలో కోసి, పేగు కొసను బొడ్డు పక్కకు తెచ్చి కుట్టారు. దాని మీద సంచి అతికించుకోవాలి. తిన్నదంతా నీళ్లలా ఆ సంచిలోకే దిగేది. నాకు సంతకం మటుకు వచ్చు. నేను చెబుతుంటే ఒక పిల్ల రాస్తోంది. ముక్కు మూసుకోవద్దని ఆమెకు ముందే చెప్పాను. మా ఇంట్లో మూసుకున్న ముక్కులు చాలు.

ఇల్లు మా బావది, అంటే చచ్చిపోయిన నా మొగుడి అన్నది. ఆయన భార్య, నా తోటికోడలు, నా పళ్లెం తీసి మేకల కొట్టంలో పెట్టింది. "ఏమనుకోకు చెల్లె, దేవుని పటాలున్న ఇల్లు," అంది. అదే మనిషి రోజూ మేక పెంటికలు చేత్తో ఎత్తి పోసేది. వాటికి లేని అంటు నాకొచ్చింది. ముందు గదుల్లో కిరాయికున్న కోస్తా ఆవిడ మర్యాదస్తురాలు. "అబ్బే, వాసనేం రావట్లేదండి," అంటూనే గడప దాకా వెనక్కి నడిచేది.

కొన్నాళ్లకు పేగును లోపల మళ్లీ కలుపుతామని డాక్టర్ అన్నాడు. ముందు నేను ఒళ్లు చేయాలి, సంచి కింద ఒరిసి పుండైన చర్మం మానాలి. కింది దారి పని మరిచిపోయి ఉంటుంది కాబట్టి, దొడ్డికి ఆపుకున్నట్టు బిగబట్టి వదలడం రోజూ చేయాలి. గోడకానుకుని కళ్లు మూసుకుని ఆ పనే చేస్తుంటే తోటికోడలు, "జపం చేస్తున్నవా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె చెంపలు వేసుకుని పోయింది. తర్వాత కింది నుంచి తెల్లమందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. పేగు ఎక్కడా కారడం లేదన్నారు.

"కుట్టు పట్టకపోతే మళ్లీ సంచేనమ్మా, ఇంక తీయడం కుదరకపోవచ్చు. ఆపరేషన్ అయ్యాక కింది నుంచి గాలి పోతేనే పేగు పనిచేస్తున్నట్టు, అందాకా చుక్క నీళ్లు కూడా తాగొద్దు," అని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

ఆపరేషన్ అయ్యి మెలకువ వచ్చాక తడుముకుంటే సంచి ఉన్న చోట దూది కట్టు తగిలింది. అక్కణ్నుంచి ముక్కు మూసుకున్న వాళ్లందరూ నా పిత్తు కోసం కాచుకుని కూర్చున్నారు.

మా ఇళ్లలో బావ ఎదుట ఆడది మంచం మీద కూర్చోదు, నోరెత్తదు. రేషన్ దుకాణంలోనైనా కరెంటాఫీసులోనైనా మా ఇంటి ఆడవాళ్లందరి మాటా ఆయనే చెప్పేవాడు. ఆ పొద్దున డాక్టర్ వచ్చేసరికి ఆయన మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నేను కొంగు మొహం మీదికి లాక్కున్నాను.

"గాలి పోయిందా అమ్మా?"

మరదలి పిత్తు గురించి పరాయి మగాడు తన ముందే అడిగేసరికి బావకు తల కొట్టేసినట్టయింది.

"అయింది సారూ, మంచిగనే అయింది. ఇగ గా ముచ్చట ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు.

డాక్టర్ రాసుకుని పోయాడు. మగాడు చెప్పాక ఆడదాని కడుపు మీద చెయ్యి పెట్టి చూడటం ఎందుకు?

తోటికోడలు జావ తెచ్చింది. "పోలేదక్కా," అన్నాను గుసగుసగా.

"గట్ల అనకు. పెద్దమనిషి చెప్పినంక మల్ల లేదంటే ఆయన ఇజ్జత్ ఏంగావాలె? తాగు."

ఆయన ఇజ్జత్‌ను గ్లాసెడు తాగాను.

సాయంత్రానికి కడుపు డప్పులా బిగిసింది. పచ్చగా కక్కాను. ముక్కులోంచి గొట్టం వేసి లోపలిదంతా గుంజారు. కుట్టు విడిపోయి ఉంటే మళ్లీ కోసి సంచి పెట్టాలని, రేపటిదాకా చూద్దామని డాక్టర్ నర్సుతో అనడం విన్నాను. బావ మాత్రం వరండాలో నిలబడి దవాఖానవాళ్లకు పని రాదని నలుగురికీ చెబుతున్నాడు.

మర్నాడు డాక్టర్ మళ్లీ అదే మాట అడిగాడు. బావ గొంతు సవరించుకున్నాడు. నేను కొంగు తీసేసి, గొట్టంతోనే లేచి మంచం మీద కూర్చున్నాను.

"నువ్వాగు బావా. సారూ, పోలేదు. నిన్న గూడ పోలేదు. నిన్న జెప్పింది ఈయన కడుపు సంగతి, నాది గాదు."

నర్సు అటు తిరిగి నవ్వింది. బావ బయటికి నడిచాడు.

"ఎంత మాటంటివే," అంది తోటికోడలు. "ఇగ ఆయన మొఖం ఎట్ల జూస్తవ్?"

"సూసినన్ని దినాలు సూస్తి. ఏమొచ్చింది?"

డాక్టర్ ఈసారి కూర్చుని కడుపంతా నొక్కి చూశాడు, చెవికి గొట్టం పెట్టుకుని విన్నాడు. నన్ను నడవమన్నాడు. సెలైన్ సీసా పట్టుకుని వార్డంతా తిరిగాను. మధ్యాహ్నం కడుపులో ఏదో మెలిపెట్టి, తిరిగి తిరిగి కిందికి దిగింది. వార్డుకంతా వినబడింది. కుట్టు నిలిచింది. బావను పిలిపించాను.

"ఇప్పుడు పో బావా. పొయ్యి సారుకు చెప్పు."

ఇంటికొచ్చాక చాలా రోజులు దొడ్డికి పరుగులే. కింద మండి మండి పచ్చిపుండైతే కొబ్బరినూనె రాసుకునేదాన్ని. మెత్తటి పెరుగన్నం, అరటిపండు, అంతే తిండి. బావ నాతో మాట మానేశాడు. ఆ మందు డాక్టర్ కూడా రాయలేదు.

దవాఖానకు చూపించుకోవడానికి ఒక్కదాన్నే బస్సెక్కి పోయాను. "నీతో ఎవరూ రాలేదా?" అని డాక్టర్ అడిగాడు. కడుపొక్కటే వచ్చిందన్నాను. ఎలా అవుతోందని అడిగితే రంగుతో, చిక్కదనంతో సహా మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే "సరే, సరే," అంటూ చీటీ అందుకున్నాడు. "ఆగు సారూ," అన్నాను. "ఇంకా ఉంది."