వేళ్ళు కదిపితే చాలన్నారు

కర్నూలులో ఇరవై ఎనిమిదేళ్ళుగా వీణ నేర్పుతున్నాను. రెండేళ్ళ క్రితం నా శిష్యురాలు శ్రావణి తన పెళ్ళి రిసెప్షన్‌లో నా కచేరీ ఉండాలని పట్టుబట్టింది. ఆరేళ్ళు నా దగ్గర నేర్చుకున్న పిల్ల కదా అని వారం రోజులు సాధన చేసి బేతంచెర్ల వెళ్ళాను.

వేదిక మీద శ్రుతి చేసుకుంటుంటే ఈవెంట్ మేనేజరు వచ్చాడు.

"మేడమ్, మీరు వాయించే పనే ల్యా. వీణ పాట నా ఫోన్లో పెడతాండా. ఊరికే వేళ్ళు కదిలించండి, వీడియోలో శానా బాగుంటాది" అన్నాడు.

నేను శ్రావణి వైపు చూశాను. "ఈ ఒక్కరోజుకీ సర్దుకోండి మేడమ్" అంది. పెళ్ళికూతురి మనసు కష్టపెట్టలేక ఒప్పుకున్నాను.

పాట సగంలో ఉండగా అతని ఫోన్ మోగింది. స్పీకర్లలో వీణ ఆగిపోయి, రింగ్‌టోన్‌గా పెట్టుకున్న తీన్మార్ పాట హాలంతా దద్దరిల్లింది. నా వేళ్ళు ఇంకా తీగల మీదే ఆడుతున్నాయి.

"ఏమప్పా, మేడమ్ వీణ మీద ఏం కొడ్తాండాది!" అని ఎవరో అరిచారు. అందరూ గొల్లుమన్నారు. పరువు దక్కించుకుందామని నిజంగానే వాయించాను. మైకు లేని నా వీణ ముందు వరుసకు కూడా వినపడలేదు. శ్రావణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ఫోన్ ఆగి, పాట మళ్ళీ మొదలైంది. అప్పుడైనా లేచి రావలసింది. రాలేదు. ఆ పాటకు తగ్గట్టు వేళ్ళు కదుపుతూ చివరిదాకా కూర్చున్నాను.

నవ్వినవాళ్ళ మీద కోపం ఎప్పుడో పోయింది. అలా కూర్చుండిపోయిన నన్ను మాత్రం నేను క్షమించుకోలేకపోతున్నాను.