పెద్దమ్మ వరండాకు వచ్చిన శాస్త్రవేత్తలు

మా పక్క క్వార్టరు పెద్దమ్మ పోయిన మంగళవారం కన్నుమూసింది. ఆ పొద్దున్న ఎదురింటి దీదీ మా గుమ్మంలోకొచ్చి నిలబడి, పెద్దమ్మ ఇంటివైపు చెయ్యి చూపించింది. నాకు అర్థమైపోయింది. పెద్దమ్మ నాకు చుట్టమేమీ కాదు. గోడకు అటు ఆవిడ, ఇటు మేము. ఈ స్టీలు ప్లాంటు కాలనీ రిసాలిలో మా వీధి వీధంతా ఆవిడను పెద్దమ్మ అనే పిలిచేది.

స్కూల్లో లైబ్రరీ చూసి రిటైరైన ఆవిడకు ఒక పిచ్చి ఉండేది. ఎవరో రాసిన పరిశోధన పత్రాన్ని ఇంటర్నెట్‌లో పట్టుకోవడం, రాసినవాళ్లకు మెయిలు పెట్టి బతిమాలడం, ఆదివారం మధ్యాహ్నం వాళ్లను ఫోన్లోకి రప్పించడం. స్పీకరు పెట్టి ఫోన్ను వరండా గట్టు మీద ఉంచేది. చలికాలపు ఎండలో మేమంతా మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తూ వినేవాళ్లం.

నిద్రలోనూ ఎగిరే పక్షుల గురించి రాసిన అమ్మాయి ఒకసారి మాట్లాడింది. పాపం, పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. పెద్దమ్మ ఆపేసింది.

"పేపర్లో రాసింది మేం చదూకుంటాం గానమ్మా, ఆ పొద్దు నువ్వేటి చూసావో అది చెప్పు."

ఆ అమ్మాయి నవ్వేసింది. తర్వాత సముద్రం ఒడ్డు గురించి, గాలి గురించి, రెక్క కదపకుండా తలమీదుగా వెళ్లిన ఒక్క పక్షి గురించి చెప్పింది. దాన్ని చూస్తూ తనకే కునుకు పట్టిందట. మా చేతుల్లో బఠాణీలు అలాగే ఉండిపోయాయి. నైట్ షిఫ్టు దిగి లోపల పడుకున్న మావారు, పక్షులకి కూడా మా ప్లాంటు డ్యూటీయే వేసినట్టున్నారని అక్కణ్ణుంచే అన్నారు.

ఫోను పెట్టేశాక మాలో ఒకరు విన్నదంతా తిరిగి చెప్పాలి, ఏ భాష వస్తే ఆ భాషలో. అప్పటిదాకా టీ లేదు. దీదీ ఛత్తీస్‌గఢీలో చెబితే ఆ పక్షులు ఇంకాస్త ఎత్తున ఎగిరేవి. తప్పులుంటే పెద్దమ్మ దిద్దేది. తెలీదన్నవాడి మాటే ముందు నమ్మండర్రా, అనేది. ఇంటరు తప్పిన నేను సైంటిస్టులను ప్రశ్నలడిగానంటే అది ఆవిడ చలవే.

నిరుడు ఆవిడ మాట ముద్దగా రావడం మొదలైంది. కొత్తగా కట్టించుకున్న పళ్ల వల్లేననుకున్నాం. సుపేలా బజారులో ఆ పళ్లు కట్టిన డాక్టర్ని ఊరికే తిట్టిపోశాం.

తర్వాతొక ఆదివారం, నరాల జబ్బు మీద పేపరు రాసిన డాక్టరుగారు ఫోన్లోకి వచ్చారు. హిందీలో నెమ్మదిగా చెప్పారు. ఆ జబ్బులో కండరాలు ఒక్కొక్కటే మాట వినడం మానేస్తాయట. కొందరికి ముందు చేతులు, కొందరికి ముందు నోరు. పెద్దమ్మ ఒక్కటే అడిగింది: నోరు తడబడ్డం మొదలయ్యాక, మాట పూర్తిగా పోవడానికి ఎన్నాళ్లు పడుతుందని. మనిషి మనిషికీ వేరు, ముందుగా చెప్పడం మాకింకా తెలీదు అన్నారాయన. ఇంతకీ ఎవరి గురించి అడుగుతున్నారన్నారు.

నా గురించే, అంది పెద్దమ్మ.

ఫోను పెట్టేసింది. అందరం ఆవిడ వైపే తిరిగాం. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఇలాగా చెప్పడం?

"ఏటలా చూస్తారు? ఎవరో ఒకరు మొదలెట్టండి. నాకు మాట ఉండగానే మీ తప్పులు దిద్దాలి."

నేను మొదలుపెట్టాను గానీ రెండో మాటకే ఏడ్చేశాను. దీదీ అందుకుంది. మెదడు ఒంటిని మర్చిపోతుంది, అని ఏదో చెప్పబోయింది. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్న పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

"మర్చిపోడం కాదమ్మా. అది పిలుస్తానే ఉంటది. కబురు అందదు, అంతే."

దీదీ కళ్లు తుడుచుకుని, సరిచేసుకుని మళ్లీ చెప్పింది. తర్వాత నేను తెలుగులో చెప్పాను. వెనక వీధి నుంచి వచ్చినవాళ్లు హిందీలో అడిగితే మళ్లీ మొదటినుంచి చెప్పాం. ఎప్పుడు నిద్రపట్టిందో, పెద్దమ్మ తల ఒక పక్కకు ఒరిగింది. మేం ఆపలేదు. గొంతులు తగ్గించి, ఎండ మెట్లు దిగి వెళ్లేదాకా ఆ జబ్బు గురించే చెప్పుకుంటూ కూర్చున్నాం. నిద్రలో ఆవిడ పెదాలు మధ్యమధ్యలో కదులుతూనే ఉన్నాయి.