తోక వణికిన విమానం

యుద్ధంలో ఇల్లూ వాకిలీ కాలిపోయాక, భర్తతో, చంకలో పసిపిల్లతో ఆమె ఈ దేశం చేరింది. అక్కడ విమానాలు డిజైన్ చేసిన మనిషికి ఇక్కడ ఒక విమానాల కర్మాగారంలో ఇతరులు గీసినవాటికి నకళ్లు తీసే పని దొరికింది. ఆమె పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగక ‘రెక్కలమ్మ’ అన్నారు. ఆమె తల వంచుకుని పనిచేసి, జుట్టు నెరిసేనాటికి ఆ కర్మాగారంలో ప్రధాన డిజైనర్ అయింది.

ఇక్కడ సొంతంగా గీసిన మొదటి విమానం చిన్నదే, ఆరుగురు పడతారు. నాలుగైదుసార్లు బుద్ధిగా ఎగిరింది. ఆ తర్వాత ఓ రోజు పైలట్ దిగీ దిగగానే హెల్మెట్ విసిరికొట్టాడు.

“వేగం పెంచితే తోక వణుకుతోంది. నేనింక ఎక్కను.”

ఇంజనీర్లు తోకను ఊపి చూశారు, తట్టి చూశారు. లోపమేదీ కనిపించలేదు.

“భయంతో వీడి చేతులే వణికుంటాయి,” అన్నాడు యజమాని. పైలట్ ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

“రేపు నేనూ ఎక్కుతా,” అంది రెక్కలమ్మ.

ఇంట్లో భర్త కంచం ముందునుంచి లేచిపోయాడు. “మతిగానీ పోయిందా? బాంబుల్లోంచి బతికి బయటపడింది ఇందుకా?”

“అతను చెప్పింది నిజమైతే తప్పు నాదేనండీ. చూడకుండా ఇంకొకరిని ఎలా ఎక్కించను?”

పైకి వెళ్లాక పైలట్ వేగం పెంచాడు. ఆమె వెనక్కి తిరిగి కూర్చుని, కిటికీలోంచి తోకనే చూస్తోంది. ఉన్నట్టుండి సీటు కింద గజగజ మొదలైంది. తోక రెక్క ఆరేసిన బట్టలా టపటపా కొట్టుకుంటోంది.

“ఊడిపోయేలా ఉంది మేడమ్!”

“ఇంజన్ తగ్గించు. ముక్కు మెల్లగా ఎత్తు. మెల్లగా బాబూ, లాగకు!”

వేగం తగ్గేకొద్దీ వణుకూ తగ్గింది. కాసేపటికి చక్రాలు నేలను తాకాయి.

యజమాని పరుగున వచ్చాడు. “వాడి భ్రమే కదా?”

“కాదు. తోక నేనే తప్పుగా గీశాను.” అంది రెక్కలమ్మ.

ఆ మాటతో పదవి ఊడింది. మళ్లీ నకళ్లు తీసే మూల బల్లే గతి. అక్కడే కూర్చుని తోకను మొదటినుంచి గీసింది. కొత్త తోక బిగించాక, నడపడానికి కొత్తవాణ్ణి తెస్తానన్నాడు యజమాని. “ఆవిడ గీసింది నేనే నడుపుతా,” అని పాత పైలట్ పట్టుబట్టాడు.

ఈసారి ఎక్కడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. రన్‌వే పక్కన కళ్లు గట్టిగా మూసుకుని, భర్త చెయ్యి పట్టుకుని నిలబడింది. విమానం పూర్తి వేగంతో తలమీదుగా దూసుకుపోయింది. తిరిగి వచ్చి మళ్లీ దూసుకుపోయింది.

“ఇంక వదలవే, నా వేళ్లు విరుగుతున్నాయి,” అన్నాడు భర్త. “దిగాడు. నవ్వుతున్నాడు కూడా.”

ఆ రోజునుంచి ఆమె రిటైరయ్యేదాకా ఆ కర్మాగారంలో కొత్త విమానమేదీ ఆమె చూసి సరేననకుండా పైకి లేవలేదు.