థర్మోకోల్ గుండె

ఆ రోజుల్లో, అంటే నేను మదురైలో బీఎడ్ చదివే కాలంలో, మిడిల్ స్కూలు పిల్లలకు సైన్సు చెప్పాలంటే సైన్సు తప్ప మిగిలినవన్నీ తెలిసి ఉండాలి. గుండెలో గదులెన్నో మా కాలేజీలో ఎవరూ అడగలేదు. పాఠానికి ముందు కుతూహలం ఎలా రేకెత్తించాలి, చార్టుకు ఏ రంగు అంచు అంటించాలి, సుద్దముక్క ఎలా పట్టుకోవాలి, మార్కులన్నీ వీటికే. (సుద్దముక్క పట్టుకోవడంలో నేను క్లాసు ఫస్టు.)

చివరి పరీక్ష మేలూరు దగ్గర ఒక బడిలో, బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు ఎనిమిదో క్లాసుకు గుండె పాఠం చెప్పడం. "ఇది పోయిందంటే చదువు చాలు, కల్యాణం చేసేస్తాము" అని నాయన ముందే చెప్పేశాడు. అందుకని థర్మోకోల్‌తో గుమ్మడికాయంత గుండె చేసి, ఎర్రరంగు పూసి, మాట్టుతావణి బస్టాండులో బస్సెక్కి బిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టర్ ఎగాదిగా చూసి "ఎన్నమ్మా ఇదు, కేకా?" అన్నాడు, పుట్టినరోజు కేకు అనుకుని.

తమిళంలో గుండెను ఇదయం అనాలని వారం రోజులు వల్లించాను. తీరా వెనక బెంచీలో ఎగ్జామినర్ కళ్ళజోడు సవరించుకునేసరికి, భయంతో మా ఇంటి తెలుగుమాట ఊడిపడింది. "ఎల్లారుక్కుం ఒరు గుండె ఇరుక్కు. అదు తూంగవే తూంగాదు" అన్నాను. (అందరికీ ఒకటి ఉంది, అది నిద్రే పోదు అని.) తమిళ చెవికి గుండె అన్న మాట మనం కూర్చునే భాగం పేరులా వినిపిస్తుంది. పిల్లలు బెంచీల మీద పడి దొర్లారు. ఎందుకో అర్థంకాక నేను గొంతు పెంచి, చేయి పెట్టి చూడండి, కొట్టుకుంటుంది అని కూడా చెప్పాను. కొందరు నిజంగానే పెట్టి చూశారు.

ఎగ్జామినర్ నవ్వలేదు. పాఠం అయ్యాక దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి తెలుగులో అడిగాడు.

"ఇంట్లో తెలుగేనామ్మా?"

"అవును సార్."

"మా ఇంట్లోనూ అంతే. పావం, ఏం చేస్తావు."

అంత ఆదరంగా పలికి, అంతే ఆదరంగా భాష కింద మార్కులు కోశాడు. మోడలుకు మాత్రం నిండా వేశాడు. ఆ మార్కులతోనే అంచుమీద పాసయ్యాను. ఆ మోడల్లో గదులు మూడే ఉన్నాయనీ, మూడు గదులుండేది కప్ప గుండెకనీ అప్పుడు నాకూ తెలియదు, ఆయనా గమనించలేదు. ఇంట్లో సంగతి విన్న అవ్వ మాత్రం "గుండెని గుండె అనక ఇంకేమంటారుమే?" అని నిలదీసింది.

ఇప్పుడు నేనూ ఎనిమిదో క్లాసుకే సైన్సు చెబుతున్నాను. ఇదయం అని మొదలుపెడితే సగంమంది కునుకు తీస్తారు. అప్పుడు నోరు జారినట్టు ఇంటిమాట ఒకసారి అంటాను. అందరూ లేచి నవ్వుతారు, ఆ తర్వాత గదులెన్నో ఎవరూ మరిచిపోరు. ఆ నవ్వు విన్నప్పుడల్లా, బస్సులో కప్ప గుండెను పొదివి పట్టుకున్న ఆ పిల్ల మీద నాకు నవ్వూ జాలీ రెండూ వస్తాయి. ఆ రోజు తన గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో ఒక్కరూ చేయి పెట్టి చూడలేదు.