కేబుల్ తీయించిన ఏడు

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో పిల్లలెవరైనా పదో తరగతికి వచ్చారంటే జూన్ నెలలోనే టీవీ కేబుల్ తీయించేస్తారు. పుంగనూరంతా ఇంతేనో కాదో నాకు తెలియదు. మా వీధిలో మాత్రం అది పరీక్ష ఫీజు కట్టినంత మామూలు సంగతి. తీయించకపోతే కుళాయి దగ్గర ఎవరో ఒకరు, "పాపది పదే కదమ్మా, ఇంకా టీవీ మోగతానే ఉండాది?" అని అడుగుతారు. నేనేమో టీచర్ని. చౌడేపల్లె పక్కన పల్లెలో చిన్న పిల్లలకు చదువు చెబుతాను. అలాంటి మాట నన్ను అననిస్తానా? మా పాప పదికి రాగానే కేబుల్ అతనికి నేనే ఫోన్ చేశాను.

వచ్చీ రాగానే "పదా మేడమ్?" అన్నాడు. తలూపాను. "ఈ ఏడు ఈ వీధిలో మీది మూడో ఇల్లు. పరీక్షలయినాక చెప్పండి, మళ్లీ వచ్చి పెడతా" అని బాక్సు తీసి, వైరు చుట్టుకుని పోయాడు.

మా అత్త గోడకానుకుని కూర్చుని అదంతా చూస్తోంది. "యాలమ్మా తీసకపోతాండాడు?" అంది. ఆమెకు రెండు చెవులూ సరిగ్గా వినపడవు. దగ్గరికి పోయి గట్టిగా, "పాపకి పది అత్తా" అన్నాను. "అట్నా. సరే మరి" అంది.

అప్పటిదాకా సాయంత్రం ఏడున్నరకు మా అత్తా, మా పాపా పక్కపక్కన కూర్చుని సీరియల్ చూసేవాళ్లు. అత్తకు బొమ్మ కనిపిస్తుంది, మాట వినపడదు. "ఏమంటాందే ఆయమ్మ?" అని మోచేత్తో పొడిచేది. మా పాప ఆమె చెవిలో నోరు పెట్టి కథ చెప్పేది. ఉన్నది ఉన్నట్టు చెబితే కదా! "కోడలు పప్పులో విషం కలిపిందంట అవ్వా. ఉప్పు ఎక్కువై ఎవురూ తినలేదంట" అనేది. అత్త దగ్గొచ్చేదాకా నవ్వేది. నేను వంటింట్లో పిల్లల నోట్సులు దిద్దుకుంటూ, "సాల్లే, లేసి సదువుకో" అని అరిచేదాన్ని. మా ఆయన పాల వ్యాను నడుపుతాడు. తెల్లారకముందే పోయి, వచ్చాక తిని పడుకుంటాడు. అంటే మా ఇంట్లో మాటలంటూ ఉన్నది ఆ అరగంటే. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

ఇంకా తట్టనిది మరొకటి ఉంది. పాప బడివాళ్లు హోంవర్కూ, నోట్సూ అన్నీ వాట్సాప్ గ్రూపులోనే పంపేవాళ్లు. కేబుల్ తీయించిన వారంలోనే నా పాత ఫోన్‌లో సిమ్ వేయించి దాని చేతిలో పెట్టాను. టీవీ తీసిన చేత్తోనే ఫోన్ ఇచ్చాను. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక్క రోజూ చూడలేదు. టీవీ అంటే చెడిపోవడం, ఫోన్ అంటే చదువు. నా లెక్క అంతే. మా వీధిలో అందరి లెక్కా అంతే.

పాప గదిలోకి పోయి తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. అత్త కొన్నాళ్లు ఏడున్నరకు అలవాటుగా నల్లటి టీవీ ముందు కూర్చునేది. తర్వాత ఆ తలుపు దగ్గరికి పోయి, "పాపా, ఆ పిల్లకి పెండ్లి అయినట్టా, కానట్టా?" అని అడిగేది. లోపల పాప చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఇంట్లో వినపడని వాళ్లు ఇద్దరయ్యారు. నేను మాత్రం ఇల్లు ఎంత నెమ్మదిగా ఉందో అనుకుని మురిసిపోయాను.

మార్కులు బాగానే వచ్చాయి. వీధంతా మైసూర్‌పాకు పంచాను. కేబుల్ అతను వచ్చి బాక్సు మళ్లీ పెట్టి పోయాడు. అత్త టీవీ ముందు కూర్చుంది. "ఏమంటాంది?" అని మోచేయి పక్కకు జరిపింది. పక్కన ఎవరూ లేరు. ఇప్పటికీ ఆమె బొమ్మలు చూస్తుంది, ఏమీ అడగదు.

పాప ఇంటర్ మదనపల్లెలో హాస్టల్లో ఉండి చదివింది. అక్కడ పిల్లలకు ఆదివారం మాత్రమే ఫోన్ ఇచ్చేవాళ్లు. నేను బస్సెక్కి పోతే, వారమంతా చూడలేకపోయినవన్నీ చూసుకుంటూ నా పక్కన కూర్చునేది. నేను బాక్సులో తెచ్చిన అన్నం పెట్టి చూస్తూ ఉండేదాన్ని. అప్పుడైనా నాకు కోపం రావాల్సింది. రాలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, అలా అయిపోయాను.

ఇప్పుడు కుప్పంలో డిగ్రీ చదువుతోంది. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాను. 'ఆ' అంటుంది, 'ఊ' అంటుంది, 'సరే మా' అని పెట్టేస్తుంది. పోయిన నెల నిప్పట్లు వండుకుని చూడటానికి పోయాను. హాస్టల్ ముందు రేకుల షెడ్డు కింద గంట సేపు కూర్చున్నాం. దానివి ఎన్ని మాటలో లెక్కపెట్టుకోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు దాని గదిలో ఉండే పిల్ల నాకు బస్టాండు దాకా తోడొచ్చింది. "మీ పాప మాటలు ఇంటే కడుపు నొచ్చేదాకా నవ్వుతాం ఆంటీ" అంది. వేరే ఎవరి గురించో చెబుతోందనుకున్నాను. "మా పాపనా?" అన్నాను. "వీడియోలు పెడతాది కదా. మీకు తెలీదా?" అని ఫోన్ తీసి చూపించింది.

మా పాపే. కళ్లు తిప్పుతూ, చేతులు ఊపుతూ, ఆగకుండా మాట్లాడుతోంది. మెస్సులో సాంబారు మీద ఒకటి, వార్డెన్ నడక మీద ఒకటి. ఇంకోదాంట్లో చీర కొంగులా తువ్వాలు భుజాన వేసుకుని గొంతు మార్చి, "తింటివా? సదువుతాండావా? ఫోన్ పక్కన పెడితివా?" అంటోంది. కింద ఎంతమందో నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. "మా అమ్మ కూడా అచ్చం ఇంతే" అని రాశారు. ఆ తువ్వాలు వేసుకున్నది నేనే. నాకు సిగ్గు వేయలేదు, ఏడుపూ రాలేదు. నా బిడ్డ గొంతు అంతసేపు విని మూడేళ్లయిందని మాత్రం అనుకున్నాను. ఆ అకౌంటు పేరు గుర్తుపెట్టుకుని, బస్సులో పుంగనూరు వచ్చేదాకా నా ఫోన్‌లో అవే మళ్లీ మళ్లీ విన్నాను.

మరుసటి వారం వేరే పేరుతో అకౌంటు తెరిచాను. ఫొటో స్థానంలో మందార పువ్వు పెట్టాను. "బాగా మాట్లాడతాండావు పాపా" అని రాసి, 'పాపా' కొట్టేసి పంపాను. మధ్యాహ్నం బడిలో పిల్లలు భోజనం చేసి కుళాయి దగ్గర పళ్లేలు కడుక్కుంటుంటే జవాబొచ్చింది.

"థాంక్యూ అక్కా! మీదే ఊరు?"

"చౌడేపల్లె" అని రాశాను.

"అయ్యో, మా పక్కనే! మాది పుంగనూరు" అంది. ఇక ఆపలేదు. మెస్సు గురించి, రాబోయే పరీక్ష అంటే భయం గురించి, ఒక్కోసారి అన్నీ వదిలేసి ఇంటికి పోవాలనిపించడం గురించి ఒకదాని వెంట ఒకటి పంపింది. "పోవచ్చు కదా" అన్నాను. "పోయి ఏం మాట్లాడాలో తెలీదక్కా" అంది.

'నేను మీ అమ్మనే' అని రాయడం ఎంతసేపు? రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. 'ఆ' అంటుంది, 'ఊ' అంటుంది. ఆ వీడియోలు కూడా నాకు కనపడకుండా చేస్తుంది. అది జరుగుతుందేమోనని భయపడ్డాను. చాలా రోజుల తర్వాత నాకు గట్టిగా తెలిసిన భావం ఆ భయమే.

ఇంతలో, "మీకు పిల్లలుండారా అక్కా?" అని వచ్చింది.

ఉందని రాస్తే ఏం చదువుతోంది, ఎక్కడుంటుంది అని అడుగుతుంది.

"లేరు" అని రాశాను.

"అయ్యో, సారీ అక్కా. తెలీక అడిగేసినా. బాధ పడొద్దండి" అంది.

బెల్లు కొట్టారు. పిల్లలు వరుసగా క్లాసులోకి పోతున్నారు. ఆ రోజు మా పాప నన్ను చాలాసేపు ఓదార్చింది.