మగ్గం కాళ్ళు, బ్రేకు పెడలు

పంతొమ్మిదివందల అరవైల్లో అనంతపురంలో నేను కొన్న పాతకారుకు అన్నీ బాగానే ఉండేవి. ఆగడం మాత్రం దాని ఇష్టం. తొలి కాన్పుకు నా భార్యను పుట్టింటికి పిలుచుకుపోవడానికి వాళ్ళన్న ధర్మవరం నుంచి వచ్చాడు. "బస్సెందుకు బావా, రేపు నేనే కార్లో దించుతా" అని గొప్పగా చెప్పేశాను. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "నిండు చూలాలప్పా. బ్రేకు సరిగ్గా పడితేనే కారు, లేదంటే బస్సే" అన్నాడు. నా పరువంతా ఆ పెడల్లో ఇరుక్కుపోయింది.

మధ్యాహ్నమే ఇంటి ముందర కారు కింద దూరాను. లోపలి బ్రేకు ఆయిలు డికాషనంత నల్లగా అయిపోయింది. దాన్ని పూర్తిగా తీసి కొత్తది పొయ్యాలి. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కిపట్టాలి, ఇంకొకరు చక్రం వెనకున్న చిన్న మర విప్పాలి. పాత ఆయిలు చిమ్ముకుని వస్తుంది. మళ్ళీ మర బిగించేదాకా కాలు ఎత్తకూడదు. ఎత్తితే లోపలికి గాలి పీల్చేస్తుంది. గాలి చేరిందా, ఇంక బ్రేకు పడదు.

తొక్కడానికి బావను కూర్చోబెట్టాను. బుద్ధి తెలిసినప్పటి నుంచి గుంట మగ్గంలో కాళ్ళాడించి పట్టుచీరలు నేసిన మనిషి, తొక్కడం ఆయనకు కొత్తా అనుకున్నాను. అదే నా తెలివితక్కువతనం.

"తొక్కి పట్టు బావా" అని మర విప్పాను. ఒక కాలు దిగింది. వెంటనే అది లేచి, రెండో కాలు క్లచ్చి మీద దిగింది. మగ్గంలో అట్లా మార్చి మార్చి తొక్కితేనే చీర సాగేది. ఇక్కడ మాత్రం గుటుక్కుమని గాలి లోపలికి పోయింది.

"ఏమప్పా, పట్టుకోమంటే ఎత్తుతాండావే?"

"నేనెత్తలేదు బావా. అదే లేస్తాండాది."

ఎడమకాలు మడిచి సీటు మీద పెట్టించాను. అప్పుడు చెయ్యి మొదలుపెట్టింది. తొక్కినప్పుడల్లా కుడిచెయ్యి, మగ్గంలో నాడెను అటూ ఇటూ విసిరే తాడు ఇక్కడా ఉందన్నట్టు గుంజి, హారను మీద పడేది. వీధి కుక్కలన్నీ చేరాయి. కొత్త ఆయిలు డబ్బా అడుగంటుతోంది. నాకు కోపం నషాళానికంటి కేకలేశాను. ఆయనా వేశాడు.

గడప మీద కూర్చుని చూస్తున్న నా భార్య లేచి, "అన్నా, దిగు" అంది. పొట్టను స్టీరింగు కింద సర్దుకుని కూర్చుంది. చెప్పినట్టు తొక్కింది, చెప్పినంతసేపూ పట్టింది. నాలుగు చక్రాలూ అయ్యేసరికి పెడలు రాయిలాగ గట్టిపడింది.

"ఇంక కార్లోనే కదా?" అన్నాను.

"బ్రేకు బాగుండాది. రేపు తొక్కేది నువ్వు కదా. అప్పట్నించీ చూస్తాండా, మీ ఇద్దరికీ నిదానమే లేదు. నేను బస్సులో పోతా" అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మరునాడు మనుషులు బస్సెక్కారు. మూటలు నా కార్లో పెట్టారు. బస్సు వెనకే దుమ్ము తింటూ పోయాను. బత్తలపల్లె దగ్గర మేకల మంద అడ్డమొచ్చి బస్సు ఉన్నట్టుండి ఆగింది. దాని వెనక నిచ్చెనకు జానెడు దూరంలో నా కారూ ఆగింది. బస్సు వెనక సీటులోంచి తొంగి చూస్తున్న నా భార్య నింపాదిగా దిగొచ్చి, మూటలు పక్కకు జరిపి కూర్చుంది.

"పోనీ" అంది.

అంత సంతోషం నాకు కారు కొన్ననాడు కూడా కలగలేదు. బావ మాత్రం, టికెట్టు దండగవుతుందని ధర్మవరం దాకా బస్సులోనే వచ్చాడు.