వెనక గోడ మీద గురి

కనిపించిన ప్రతిదాని వేడీ కొలవకపోతే మా పైవాటాలో అద్దెకున్నాయనకు నిద్ర పట్టదు. చేతిలో పిస్తోలు లాంటి పరికరం ఉంటుంది. గురిపెట్టి మీట నొక్కితే అంకె చూపిస్తుంది. మెట్లు, దిండు, పిల్లి, మా ఆయన బట్టతల, దేన్నీ వదలడు. కాఫీ ఇస్తే కొలిచి, ఊది, మళ్లీ కొలిచి, చివరికి చల్లారిపోయాక తాగి, బాగుంది పిన్నిగారూ అంటాడు. వీధంతా ఆయన్ని సెగబాబు అంటుంది.

ఏం ఉద్యోగమో అడక్కుండా నేనుండగలనా? ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మలు చూసి, నేల మీంచి గాలిలోకి ఎంత వేడి పోతోందో అంచనా కడతాడట. చెట్లూ గడ్డీ పొదలూ కలగాపులగంగా ఉన్నచోటే చిక్కట. అంత ఎత్తు నుంచి అన్నీ బొమ్మలో ఒకే గడిలో కలిసిపోయి, ఒక్కటే అంకె వస్తుందట.

"ఆ అంకె చెట్టుదీ కాదు, మట్టిదీ కాదు. మరి ఎవరిది పిన్నిగారూ?" అని గోళ్లు కొరుక్కునేవాడు. కన్నబిడ్డ తప్పిపోయినంత దిగులు.

ఈ ఎండాకాలం ఆయన గురి మా వెనక గోడ మీద పడింది. మిట్టమధ్యాహ్నం ఆఫీసు నుంచి రావడం, కొలవడం, మొహం వేలాడేసుకుని పోవడం. నా గుండెల్లో రాయి పడింది. ఆ గోడకు ఆనుకునే మా అత్తగారి మంచం. పక్షవాతం వచ్చాక ఆవిడకు ఒక్క చెయ్యే ఆడుతుంది, మాట రాదు. ఏమడిగినా బాగుందని తలూపుతారు.

ఒకరోజు ఆయనకు అడ్డంగా నిలబడ్డాను. "గోడ కూలుతుందా నాయనా? దాచకుండా చెప్పు."

"గోడకేం కాదు. మామ్మగారికే..." అని నీళ్లు నమిలాడు. "మా బొమ్మలో మీ ఇల్లు చల్లగానే ఉంది. ముందు చెట్టు, పక్కన గడ్డి. వాటిలో ఈ గోడ సెగ కలిసిపోయింది. చెయ్యి పెట్టి చూడండి."

పెట్టాను. చురుక్కుమంది. లోపలికి పరుగెత్తితే అత్తగారి ఒళ్లు కాలిపోతోంది, చీర చెమటతో పక్కకు అంటుకుపోయింది. ఎలా ఉందంటే బాగుందని తలూపారు.

ముందే చెప్పకూడదా అని కసిరాను.

"సరిగ్గా తేలకుండా మిమ్మల్ని కంగారుపెట్టడమెందుకని. నేను పడుతున్న కంగారు చాలదా?" అంటూనే మంచం కోళ్లు పట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది, భోజనం మానుకుని రోజూ ఎండలో పడి వచ్చేది ఇందుకని.

మంచం ఇప్పుడు చెట్టునీడ పడే ముందుగదిలో ఉంది. అత్తగారి మొహం తేటపడింది. అయినా సెగబాబుకు నమ్మకం లేదు. రోజూ వచ్చి గోడ, కిటికీ, దిండు కొలుస్తాడు. నిన్న ఆ ధ్యాసలో కాఫీ మరిచిపోయాడు. అత్తగారు ఆడే చెయ్యి చాచి పరికరం లాక్కున్నారు. గ్లాసుకు గురిపెట్టి మీట నొక్కారు. అంకె చూసి, ఆయన వైపు తిరిగి, ముద్దముద్దగా ఒక్క మాట అన్నారు.

"తాగు."